కార్నియా మార్పిడి, కృత్రిమ కటకము

కంటి ముందుభాగమున గాజుబిళ్ళవలె నుండు పారదర్శకమైన పొరను కార్నియా అందురు. దాని వెనుక కటకము కలదు. పొర మచ్చబారి, కటకమునకు శుక్లము పట్టినచో వెలుగు చొచ్చు త్రోవ రెండుచోట్ల మూతపడును. ఒకదానిని మాత్రమే తెరచిన ప్రయోజనము స్వల్పము.

1905 డిసెంబరు 7న మొరావియాలోని ఓలొమోట్స్ పట్టణమున ఎడువార్డ్ జిర్మ్ అను వైద్యుడు, సున్నము పడి చూపు పోయిన ఒక కూలివానికి, గాయపడినందున తొలగింపవలసివచ్చిన ఒక బాలుని కంటినుండి తీసిన కార్నియాను అమర్చెను. అది నిలిచినది. కటకము కథ వేరు. రెండవ ప్రపంచయుద్ధమున విమానముల పైకప్పు ప్లాస్టిక్కు ముక్కలు వైమానికుల కండ్లలో దిగబడియు వాపు పుట్టింపకుండుటను హెరాల్డ్ రిడ్లీ గమనించెను. 1949 నవంబరు 29న లండనులో ఆ జాతి ప్లాస్టిక్కు కటకమునే రోగి కంటిలో నుంచెను. తోటి వైద్యులు చాలకాలము ఆయనను నిరసించిరి. ఒకటి పరుల దేహమునుండి వచ్చిన దానము, మరొకటి జీవము లేని పదార్థము. ఈ రెండును తరువాత ఒకే శస్త్రచికిత్సలో కలిసినవి.

తెలుగునాట ఈ విద్యకు ఆయువుపట్టు హైదరాబాదు. సినీదర్శకుడు ఎల్.వి. ప్రసాదు ఇచ్చిన స్థలమున, ధనసహాయమున డాక్టరు గుళ్ళపల్లి నాగేశ్వరరావు 1987లో నేత్రవైద్యసంస్థను నెలకొల్పిరి. 1989లో అచట రామాయమ్మ అంతర్జాతీయ నేత్రనిధి వెలసినది. నేత్రనిధి లేనిచోట శస్త్రవైద్యుని నేర్పు ఏమి చేయగలదు?

చికిత్సలో మొదట పెద్ద బొట్టుబిళ్ళంత కార్నియాను కోసి తీయుదురు. ఆ ద్వారముననే శుక్లమును తొలగించి, కృత్రిమ కటకమును నిలిపి, దాత పొరను తలవెంట్రుకకంటె సన్నని దారముతో కుట్టుదురు. పొర కుట్టువరకు కన్ను తెరచిన పాత్రవలె నుండును. ఆ సమయమున లోపల రక్తస్రావమైనచో కన్నే పోవచ్చును. చిక్కు మరొకటి కలదు. కటకము శక్తిని లెక్కించుటకు కార్నియా వంపు తెలియవలెను. కొత్త పొర వంపు కుట్లు తీసినగాని స్థిరపడదు. కావున వైద్యుడు తన పూర్వానుభవపు సగటుపై ఆధారపడవలసివచ్చును. వంపు కుదురుకొన్న పిదపనే కటకమును పెట్టుట మేలని కొందరందురు. లెక్క నిజమే; కాని రెండవ శస్త్రచికిత్స కొత్త పొర లోపలి కణములను కొంత నశింపజేయును. అండమానులోని డైరీ ఫార్మునుండి సముద్రము దాటి హైదరాబాదునకు రావలసిన రోగికి రెండవ శస్త్రచికిత్స యనగా మరియొక దీర్ఘప్రయాణము, మరల కూలినష్టము. అట్టివారికి పిదప కండ్లద్దములు అవసరమైనను ఒకేసారి చేయుటయే యుక్తమని నా అభిప్రాయము.

నేడు లోపలి పలుచని పొర మాత్రమే చెడినచో దానినే మార్చి, చిన్న కోతనుండి కటకము నమర్చుచున్నారు. అట్టిచోట వంపు అంతగా మారదు, లెక్కయు అంతగా తప్పదు. మచ్చ లోతుగా దిగిన కంటికి మాత్రము నేటికిని పూర్తి పొరను మార్చుటయే శరణ్యము.