కోలాటం: కొత్తగా చేరేవాళ్లు తెలుసుకోవాల్సింది

కోలాటం అంటే రెండు చేతుల్లో కోలలు పట్టి, గుండ్రంగా తిరుగుతూ పాటకు అడుగేసే సామూహిక ఆట. కోడూరు, అవనిగడ్డ వైపు ఊరేగింపుల్లో, స్కూలు వార్షికోత్సవాల్లో మనం చూసేదే. ఇప్పుడు ఎక్కువగా ఆడవాళ్ల జట్లే కనబడుతున్నాయి.

స్కాట్లాండులో కేలీ అనే ఆటపాటల సందడి ఉంది. అడుగులు రానివాళ్లూ వస్తారు. ఒకరు వరస చెబుతుంటే జంటలు మారుతూ ఆడతారు. అక్కడి జానపద నృత్యాలు కనుమరుగు కాకూడదని 1923లో గ్లాస్గోలో ఒక సంఘమే పెట్టారు. మన దగ్గర ఆ చెప్పే పని కోలన్న పంతులుది. ఆయన పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు, ఆయన సైగతో కోపు మారుతుంది. కోపు అంటే అడుగులు, కోల దెబ్బల వరస.

కొత్తవాళ్లు తడబడేది చేతుల దగ్గర కాదు, తిరగడం దగ్గర. జంట కోలాటంలో లోపలివాళ్లు, బయటివాళ్లు చోట్లు మారుతుంటారు. మీ జోడీ దాటిపోతే వెనక్కి పరిగెత్తొద్దు, ఎదురొచ్చినవాళ్ల కోలకే కొట్టండి. జడ కోలాటం మాత్రం మొదట్లోనే వద్దు. పైనుంచి వేలాడే తాళ్లను ఆడుతూ జడలా అల్లాలి, మళ్లీ అదే దారిలో వెనక్కి ఆడి విప్పాలి. ఒక్కరు తప్పినా చిక్కుముడే.

మన ఇళ్లలో వచ్చే ప్రశ్న పాటల గురించి. చాలా పాటలు రాముడి మీద, కృష్ణుడి మీద ఉంటాయి, నిజమే. మామూలు జానపదాలూ ఉన్నాయి. అమ్మాయి పేరు ఇచ్చేముందే ఏ పాటో టీచర్‌ను అడగండి, అందులో మొహమాటం దేనికి? చివరిరోజు మానిపిస్తే జోడీ లేక ఇంకో పిల్ల ఒంటరిగా నిలబడుతుంది.