అమెరికాలో డ్రగ్స్ కుట్ర కేసు: శిక్ష పడ్డాక 14 రోజులే టైమ్.. అప్పీల్ ఎలా చేస్తారంటే?

చేతిలో సరుకు దొరక్కపోయినా సరే, ముఠాతో కుమ్మక్కయ్యారని రుజువైతే చాలు. అమెరికా ఫెడరల్ చట్టంలో డ్రగ్స్ అమ్మినవాళ్లకు ఉండే శిక్షే కుట్రదారులకూ వర్తిస్తుంది. 5 కిలోల కొకైన్ లేదా కిలో హెరాయిన్ లెక్క తేలితే మామూలుగా కనీస శిక్షే 10 ఏళ్లు. పైగా 1987 నవంబర్ 1 తర్వాత జరిగిన ఫెడరల్ నేరాలకు పెరోల్ లేదు. అందుకే అప్పీల్ అంత కీలకం.

గడువు ఎంత?
తీర్పు రికార్డుల్లోకి ఎక్కిన నాటి నుంచి 14 రోజుల్లోగా, శిక్ష వేసిన జిల్లా కోర్టులోనే అప్పీల్ నోటీసు దాఖలు చేయాలి. సరైన కారణం చూపితే జడ్జి మరో 30 రోజుల వరకు గడువు పెంచొచ్చు. వాదనలన్నీ తర్వాత సంగతి. లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే కోర్టే ఇస్తుంది.

ఏం వాదించొచ్చు?
అప్పీల్ అంటే మళ్లీ విచారణ కాదు, కొత్త సాక్షులు రారు. సాధారణంగా ముగ్గురు జడ్జిలు రికార్డు చూసి, కింది కోర్టు ఎక్కడ పొరపాటు చేసిందో తేలుస్తారు. కుట్ర కేసుల్లో గొడవంతా ఎక్కువగా సరుకు లెక్క దగ్గరే. ముఠా అమ్మిన మొత్తాన్ని గుడ్డిగా ఒక్కరి ఖాతాలో రాసేయడం కుదరదు. ఇతరులు అమ్మిన సరుకులో, నిందితుడు ఒప్పుకున్న పని పరిధిలో ఉండి, ముందే ఊహించగలిగినంత వరకే గైడ్‌లైన్స్ లెక్కలోకి వస్తుంది. ఇక కనీస శిక్షను పెంచే అంశాన్ని జడ్జి సొంతంగా తేల్చకూడదు, జ్యూరీయే తేల్చాలని 2013లో అలైన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే కింది కోర్టులో లేవనెత్తని పాయింట్‌ను పైకోర్టులో గెలవడం చాలా కష్టం.

నేరం ఒప్పుకుంటే?
ప్లీ ఒప్పందాల్లో అప్పీల్ హక్కు వదులుకుంటున్నట్టు షరతు ఉండటం మామూలే. అలా సంతకం పెట్టినా, క్లయింట్ స్పష్టంగా అడిగితే లాయర్ నోటీసు వేయాల్సిందేనని 2019లో గార్జా కేసులో సుప్రీం తేల్చింది.

ఓడిపోతే?
సుప్రీంకోర్టును ఆశ్రయించడానికి 90 రోజులు టైమ్ ఉంటుంది. లాయర్ సరిగా వాదించలేదు లాంటి ఆరోపణలకు సెక్షన్ 2255 పిటిషన్ వేరే దారి. దానికి సాధారణంగా ఏడాది గడువు.

వీసా, గ్రీన్‌కార్డు మీద ఉన్న తెలుగువాళ్లకు ఇంకో ముప్పు ఉంది. డ్రగ్స్ కేసులో దోషిగా తేలితే దేశం నుంచి పంపించేయొచ్చు. ఆ సంగతి క్లయింట్‌కు ముందే చెప్పడం లాయర్ బాధ్యత అని 2010లో పడిల్లా కేసులో తీర్పు వచ్చింది. కాబట్టి శిక్ష పడిన రోజే లాయర్‌తో మాట్లాడి, అప్పీల్ చేయమని రాతపూర్వకంగా చెప్పడం మంచిది.