ఉరోమధ్యపు తిత్తులు – వేలూరు శస్త్రవైద్య చరిత్ర

ఒడుగత్తూరు, గుడియాత్తము సీమలలోని తెలుగువారికి వేలూరు పెద్దాసుపత్రి తరతరాలుగా పరిచితము. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడి ఉత్తరార్కాటునుండి విడిపోయినను, 1953లో ఆంధ్ర రాష్ట్రము అవతరించినను, రోగుల రాకపోకలకు ఆ యెల్లలు అడ్డు కాలేదు. ఆ వైద్యచరిత్రలో అంతగా చర్చింపబడని యొక చిన్న ఘట్టమును ఇచట పరిశీలింతము.

రొమ్ముటెముకకు వెనుకను, గుండెకును పెద్ద రక్తనాళములకును ముందును ఒక యిరుకైన చోటు కలదు. అందు థైమస్ గ్రంథినుండి నీటితిత్తులు పుట్టవచ్చును. గుండెపొరకు చేరువగా, తరచు కుడివైపున, వేరొక తిత్తి యేర్పడును. చర్మజాతిదైన డెర్మాయిడ్ తిత్తిలో క్రొవ్వు, వెండ్రుకలు, ఒక్కొక్కప్పుడు దంతములును ఉండును. ఇవి చాలకాలము మౌనముగా నుండి, పెరిగినపుడు దగ్గు, ఆయాసము, ఎదనొప్పి కలిగించును. డెర్మాయిడ్ తిత్తి ఊపిరితిత్తిలోనికి చిట్లినచో దగ్గుతో వెండ్రుకలు వెడలుటయు కలదు.

1893లో ఇటలీ దేశపు బాస్టియనెల్లి రొమ్ముటెముక పైభాగమును తొలగించి ఇట్టి తిత్తి నొకదానిని వెలికి తీసెను. అప్పటికి లోపలి వ్యాధిని చూచు సాధనము లేదు. రోంట్గెన్ ఎక్స్-రే కిరణములను 1895లో కనుగొనెను. చూచుట తెలిసినను వేరొక చిక్కు నిలిచెను: ఎద తెరచినంతనే గాలి చొరబడి ఊపిరితిత్తి ముడుచుకొనును. 1904లో సావెర్‌బ్రుక్ అల్పపీడన గదిని కల్పించి దీనికి విరుగుడు చూపెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము మెగిల్, రోబోథాములు శ్వాసనాళములో గొట్టము నుంచి మత్తు నిచ్చు పద్ధతిని వృద్ధి చేసిరి. 1936లో అమెరికాలో బ్లేలాక్, కండరముల దౌర్బల్యముతో బాధపడు యొక యువతి థైమస్‌నుండి తిత్తివంటి కంతిని తొలగించెను.

ఈ విద్యలు మన సీమకు చేరుటకు క్షయరోగమే త్రోవ చూపెను. 1915లో మదనపల్లె చెంత ఆరోగ్యవరమున క్షయ చికిత్సాలయము వెలసెను. వేలూరున ఐడా స్కడర్ 1900లో చిన్న వైద్యశాలను, 1918లో స్త్రీల వైద్యపాఠశాలను స్థాపించిరి. 1949 ప్రాంతమున అమెరికానుండి వచ్చిన రీవ్ బెట్స్ అచట వక్షశ్శస్త్రచికిత్సా శాఖను నెలకొల్పిరి. భారతదేశమున ఇట్టి శాఖలలో అదియే మొదటిదిగా పేర్కొనబడుచున్నది. క్షయకొరకు ఎద తెరచుట నేర్చిన చేతులే తిత్తులను తీయుటకును సమర్థములయ్యెను.

ఇందొక హెచ్చరికయు కలదు. క్షయ ప్రబలిన దేశమున ఎక్స్-రేలో ఛాయ కనబడినంతనే క్షయ యని తలచుట సులభము. కాని ఛాయ గల ప్రతివాడును క్షయరోగి కాడు; పొరపడినచో రోగి అక్కరలేని మందులను నెలల తరబడి మ్రింగవలసి వచ్చును, అసలు వ్యాధియు లోన పెరుగును.

1971లో తొలి రోగికి జరిగిన సీటీ పరీక్ష తిత్తి తావును, పరిమాణమును స్పష్టపరచు మార్గమును తెరచెను. చిక్కని ద్రవము గల తిత్తి సీటీలో గట్టికంతివలె తోచినపుడు ఎంఆర్ఐ ఆ సందేహమును తీర్చును. డెర్మాయిడ్ తిత్తులను సాధారణముగా తొలగింతురు. 1990 తరువాత చిన్న రంధ్రములద్వారా కెమెరాతో చేయు శస్త్రచికిత్స వ్యాప్తికి వచ్చెను. బాధ పెట్టని సామాన్యపు నీటితిత్తిని మాత్రము కత్తి ముట్టింపక, కాలానుగుణముగా పరీక్షించుచు విడువవచ్చును.

మొదట చూచుట, పిదప తెరచుట, తుదకు తెరువకుండుటకు గల వివేకము — ఈ చరిత్ర నడచిన క్రమ మిది. వేలూరు త్రోవ పట్టిన మన పల్లెవాసికి ఈ మూడును సమానముగా రక్షలే.