యంత్రపు దాహము



మా యూర బియ్యపుమరకు వెలుపల నొక నీళ్లతొట్టి యుండెడిది. చమురు ఇంజను నడచుచున్నంతసేపును ఒక గొట్టముగుండ వేడినీరు తొట్టిలోనికి వచ్చుచు, మరియొక గొట్టముగుండ చల్లారిన నీరు తిరిగి యింజనునకు పోవుచుండెడిది. చిన్నతనమున నేను దానిలో చేయిపెట్టి కాల్చుకొని, పైగా మా తాతగారిచేత తిట్లు తింటిని. ఆ తొట్టి యెందులకో నాకు తెలిసినది చాలకాలమునకు. చమురు మండగా పుట్టిన వేడిలో పనికివచ్చునది కొంతయే. తక్కినదానిని బయటికి పంపకున్న ఇంజను లోపల లోహము పట్టుకొనిపోవును.

తొట్టి నేలపై నున్నది గనుక దాని బరువుతో మనకు పనిలేదు. ఆ యింజనే గంటకు 300 మైళ్లు ఎగురవలసివచ్చిన నీటిని చల్లార్చుట యెట్లు? రేడియేటరును గాలికి ఎదురుగా వ్రేలాడదీసిన నీరు చల్లారును గాని, అదే గాలి విమానమును వెనుకకు పట్టును.

నీటివిమానములకు ష్నైడర్ పందెమని యొకటి 1913 మొదలు జరిగెను. అయిదేండ్లలో మూడుమార్లు గెలిచిన దేశమునకు ఆ బహుమానము శాశ్వతముగా దక్కును. 1923లోను 1925లోను గెలిచిన అమెరికావారి విమానములకు రెక్కల పైరేకే రేడియేటరు. ఆ యుపాయమును ఇంగ్లండున రెజినాల్డ్ మిచ్చెల్ అను శిల్పి గ్రహించి, 1927లో వెనిసునందు గెలిచిన ఎస్.5 విమానమున వాడెను. 1929 పందెమునకు రోల్స్‌రాయిస్‌వారు తమ పెద్ద యింజను నొకదానిని మార్చి 1900 అశ్వశక్తులు రాబట్టిరి. 1931 నాటికి అదియే 2350 అయ్యెను. శక్తి పెరిగినకొలది వేడియు పెరిగెను. మిచ్చెల్ రెక్కలకు రెండేసి పలుచని రేకులు తొడిగి, వాని నడుమ సన్నని సందులో నీటిని పారించెను. అదియు చాలక, నీటిపై తేలుటకు తగిలించిన దోనెల పైభాగమునను పారించెను. కందెన నూనెను విమానపు ప్రక్కలవెంబడి త్రిప్పి, తోక నిలువురెక్కలో జార్చి చల్లార్చెను. విమానము విమానమంతయు మా యూరి తొట్టియే అయ్యెనన్నమాట!

1931లో ప్రభుత్వము ధనమీయ నిరాకరింపగా, హ్యూస్టన్ అను ధనికురాలు లక్ష పౌనులిచ్చినది. సెప్టెంబరు 13వ తేదీన బూత్‌మన్ సోలెంట్ జలసంధిపై ఎస్.6బి విమానమును గంటకు 340 మైళ్ల సగటువేగముతో నడిపి, మూడవ విజయమును సాధించెను. ఫ్రాన్సు, ఇటలీ దేశములవారు సిద్ధపడలేకపోవుటచే ఎదిరిగా మరియొకరు లేరు. అయినను ఆయనకు పోటీ లేదనరాదు. ఆయన కన్ను నీటి వేడిమిని చూపు ముల్లుపైననే యుండవలెను. ముల్లు హద్దు చేరినచో ఇంజనులో బలమున్నను తగ్గింపవలసినదే. ఆ నెల 29వ తేదీన స్టెయిన్‌ఫోర్త్ అట్టి విమానముననే 407 మైళ్ల వేగమును మించెను.

ఇది యుద్ధమునకు పనికివచ్చునా? రాదు. రెక్క యంతయు నీరైనచో, ఎక్కడ తూటా తగిలినను ఇంజను ఎండిపోవును. నీటిని మరుగనిచ్చి ఆవిరిని రెక్కలలో మరల నీరుగా మార్చు పద్ధతిని మిచ్చెల్ 1934లో నొక యుద్ధవిమానమున ప్రయత్నించి భంగపడెను. నా దృష్టిలో ఆయన గొప్పతనము పందెపు గెలుపులకంటె, ఈ యోటమి పిమ్మట తన ముద్దుబిడ్డవంటి పద్ధతిని విడిచిపెట్టుటలోనే యున్నది.

తరువాత గ్లైకాలను ద్రవము వచ్చినది. అది నీటికంటె చాల హెచ్చు వేడిమివద్దగాని మరుగదు. ద్రవమునకును గాలికిని వేడిమిలో భేదము హెచ్చగుటచే చిన్న రేడియేటరే చాలును. దానిని గొట్టమువంటి తొడుగులో నుంచినచో, లోన వేడెక్కిన గాలి వ్యాకోచించి వెనుకకు వెడలుచు, తాను కలిగించిన అడ్డులో కొంత తీర్చునని 1935లో ఫార్న్‌బరోలోని మెరెడిత్ లెక్కగట్టి చూపెను. 1936 మార్చిలో తొలిసారి ఎగిరిన మిచ్చెల్‌గారి స్పిట్‌ఫైరు విమానమున కుడిరెక్క క్రింద నున్న చిన్నపెట్టె యిట్టిదే. మరుసటి యేడు ఆయన మరణించెను.

ఆ పెట్టెకు ముందుగా చక్రపుకాలు అడ్డుండెడిది. నేలపై నిలిచియున్న విమానమునకు గాలి చాలదు. కావున యుద్ధదినములలో ఇంజను నడిపిన వైమానికుడు కొన్ని నిమిషములలో ఆకాశమునకు లేవవలెను. లేకున్న లోని ద్రవము మరుగుటకు మొదలిడును.