జంటనగరాల తోటల్లో ట్రైకోడెర్మా

పండ్ల, కూరగాయల తోటల్లో శిలీంధ్ర తెగుళ్లను మరో శిలీంధ్రంతో అణచే పద్ధతి సికింద్రాబాద్, హైదరాబాద్ పరిసరాలకు మైలుతుత్తం తర్వాత వచ్చింది. అంతకుముందు పెత్తనం బోర్డో మిశ్రమానిదే. 1885లో ఫ్రాన్స్‌లో మిల్లార్డే ద్రాక్ష బూజు తెగులు కోసం ప్రకటించిన ఈ మందును ఒక శాతం బలంతో చేయాలంటే కిలో మైలుతుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్లు చాలు. హైదరాబాద్ నుంచి దక్షిణాదికి పాకిన అనాబ్-ఎ-షాహీ ద్రాక్షకు బూజు తెగులు ఇట్టే సోకుతుంది. మేడ్చల్ వైపు ద్రాక్ష సాగు జోరుగా ఉన్న రోజుల్లో పిచికారీ తప్పనిసరి.

రాగి ఉన్న ఈ బోర్డో మందు ఆకును కాపాడింది కానీ నేలలో దాగిన తెగులు దాని చేతికి చిక్కలేదు. సికింద్రాబాద్‌లోని మోండా మార్కెట్‌కు, ఆ తర్వాత బోయిన్‌పల్లి యార్డుకు సరుకు పంపే రైతులను వేధించే నారుకుళ్లు, టమాటా ఎండు తెగులు, అలాగే నల్లగొండ బత్తాయి తోటల వేరుకుళ్లు మట్టిలోంచే వస్తాయి. వీటికి విరుగుడు మట్టిలోనే ఉందని 1930లలో అమెరికాలో రిచర్డ్ వైండ్లింగ్ చూపించాడు. ట్రైకోడెర్మా అనే మిత్ర శిలీంధ్రం పోగులు, తెగులు తెచ్చే రైజోక్టోనియా శిలీంధ్రం పోగులను చుట్టుకుని చంపడాన్ని ఆయన 1932లో వివరించాడు. నిమ్మజాతి నారు మీద కూడా పరీక్షలు జరిపాడు. ఎంజైములతో శత్రువు కణగోడను కరిగించడం, దానికంటే ముందే చోటునూ ఆహారాన్నీ ఆక్రమించడం ట్రైకోడెర్మా బలం.

ఈ విద్య ఇక్కడ రాజేంద్రనగర్ చుట్టూ కుదురుకుంది. అక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం 1964లో ఏర్పడింది. 1966లో హైదరాబాద్‌లో మొదలైన కేంద్ర సస్యరక్షణ శిక్షణ సంస్థ 2008లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్లాంట్ హెల్త్ మేనేజ్‌మెంట్‌గా మారింది. జీవ నియంత్రణపై అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం 1977లో వచ్చింది.

అయితే రైతు దగ్గర నిలిచింది ప్రయోగశాల సీసా కాదు, పెంటకుప్ప. 90 కిలోల చివికిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో 2 కిలోల ట్రైకోడెర్మా విరిడె పొడి కలిపి, నీళ్లు చల్లి, నీడలో గోనెసంచులు కప్పి వారం పది రోజులు ఉంచుతారు. పాలకు తోడు వేసినట్టే, కొద్దిపాటి పొడి కుప్పంతా అల్లుకుంటుంది. దాన్ని తడి ఉన్న నేలలో ఎకరమంతా చల్లుతారు. విత్తనానికైతే కిలోకు పది గ్రాములదాకా పట్టిస్తారు. అదే విత్తనానికి కార్బెండజిమ్ అనే శిలీంధ్రనాశక మందు పట్టిస్తే మిత్ర శిలీంధ్రం కూడా చస్తుంది. పని చేయలేదన్న ఫిర్యాదుల్లో కొన్నింటికి మూలం ఇదే కావచ్చు.

మరో చిక్కు పొట్లంలోనే ఉంది. 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం కింద నమోదయ్యే ట్రైకోడెర్మా పొడిలో గ్రాముకు కనీసం 20 లక్షల సజీవ కణాలుండాలి. ఎండలో పెట్టిన సంచిలో, గడువు దాటిన పొట్లంలో ఆ లెక్క నిలవదు. అందుకే రాజేంద్రనగర్‌లోని ఆ ప్లాంట్ హెల్త్ సంస్థ ట్రైకోడెర్మాను పొలం దగ్గరే ధాన్యపు గింజల మీద పెంచుకోవడం నేర్పుతోంది. అయితే ద్రాక్ష ఆకు మీది బూజు తెగులుకు మాత్రం మిత్ర శిలీంధ్రం బోర్డో స్థానాన్ని ఆక్రమించలేకపోయింది. ఆ ద్రాక్ష తోటల్లో చాలావాటిని ఈలోగా నగరమే కమ్మేసింది.