పొడవు కాదు, పడవ నడిచిందా అన్నది లెక్క



పడవలు నడిచే నదులు, కాలువలు ఏ దేశంలో ఎంత పొడవున్నాయో చూస్తే చైనాదే పైచేయి. లక్షా పాతిక వేల కిలోమీటర్లు దాటింది. రష్యాలో లక్ష పైన. మన దేశంలో సుమారు 14,500. నెదర్లాండ్స్‌లో 6,000. వాళ్లకంటే మనమే నయం అనిపిస్తుంది కదా? ఆగండి. ఆ దేశం మన పాత ఉభయ గోదావరి జిల్లాలకి రెండింతలు, పైన ఇంకాస్త. అంతే! అంత చిన్న చోట 6,000. పైగా అక్కడ సరుకులో పెద్ద వాటా నీళ్ల మీదే పోతుంది. మన దేశంలో నూటికి సుమారు రెండు పాళ్లే.

మనకి చేతకాక కాదండీ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడది 1855లో పూర్తయ్యాయి. కాటన్ దొర కాలువలు తడి కోసమే కాదు, పడవల కోసం కూడా. అందుకే ఆ లాకులన్నీ. మద్రాసు ఊళ్లో తెగి ఉన్న ముక్కని 1877-78లో కరువు పనుల కింద కూలీలు తవ్వి కలిపారు. 1878లో దానికి బకింగ్‌హాం కాలువ అని పేరొచ్చింది. కాకినాడలో పడవెక్కితే గోదావరి దాటి, ఏలూరు కాలువ, బెజవాడ, కొమ్మమూరు కాలువ, పెదగంజాం మీదుగా మద్రాసు దాకా నీటి దారే.

తర్వాత రైలొచ్చింది, లారీ వచ్చింది. కాలువలు పూడాయి, వంతెనలు కిందికి దిగాయి. 2008లో ఇదే దారిని నాలుగో జాతీయ జలమార్గం అన్నారు, 1,078 కిలోమీటర్లు. 2016 చట్టంలో 2,890 చేశారు. కాగితం మీద పొడవు పెరిగింది. మీ ఊరి కాలువలో ధాన్యం పడవ కనబడిందా?

ఇందులో మనకేం పోయిందంటారా? ఒక హెచ్‌పీ బలం రోడ్డు మీద 150 కిలోలు లాగితే, పట్టాల మీద 500, నీటి మీద 4,000 కిలోలు లాగుతుందని జలరవాణా వాళ్ల అంచనా. అంటే మన 75 కిలోల బస్తాల్లో రోడ్డు మీద రెండు, నీటి మీద యాభైకి పైన.

అన్నిచోట్లకీ పడవ పోదు, నిజమే. సైనిక్‌పురి లాంటి మెట్టకి బియ్యం లారీ మీదే రావాలి. కానీ కాకినాడ రేవుకి పోయే బియ్యం మిల్లు పక్కనే కాలువ ఉంటే?

కాబట్టి ఈసారి ఎండాకాలం కాలువ కట్టేసినప్పుడు పూడిక సరిగ్గా తీస్తున్నారో లేదో నిలబడి చూడండి. కాలువ మీద కొత్త వంతెన కడుతుంటే ఎత్తెంతో అడగండి. పూడిక పోతే శివారు చేనుకి నీరందుతుంది, పడవకి లోతు దొరుకుతుంది. రెండింటికీ పని ఒక్కటే.