వాగు పొంగి దారి తెగితే: జూలూరుపాడు ప్రాంత రైతులు ఇంట్లో ముందే సిద్ధం చేసుకోవలసినవి

భద్రాచలం దగ్గర గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది ఇస్తారు. 2022 జూలై 16న అక్కడ నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986 నాటి 75.6 అడుగుల తర్వాత అంత వరద అదే. ఆ నీరు జూలూరుపాడు దాకా రాదు కాబట్టి వరద మనది కాదని చాలామంది అనుకుంటారు. కానీ మన ప్రమాదం వేరు. అడవిలో రాత్రంతా వాన పడితే తెల్లారేసరికి వాగు లోలెవల్ వంతెన మీదుగా పారుతుంది, కరెంటు పోతుంది, ఊరు తెగిపోతుంది. 2024 జూలైలో అశ్వారావుపేట మండలంలో పెద్దవాగు ప్రాజెక్టు కట్ట తెగింది. అదే ఏడాది సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మంలో కాలనీలే మునిగాయి. అందుకే జూన్‌లో విత్తనాలు తెచ్చుకునేటప్పుడే, బయటి సాయం లేకుండా మూడు రోజులు గడిచేలా ఇంటి సరుకు కూడా చూసుకోవాలి.

నీళ్లు

చుట్టూ నీళ్లే ఉన్నా, ముందుగా కరువయ్యేది తాగే నీళ్లే. కరెంటు లేకపోతే బోరు మోటారు నడవదు, ట్యాంకు నిండదు. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 4 లీటర్ల లెక్కన ఐదుగురున్న ఇంటికి మూడు రోజులకు 60 లీటర్లు కావాలి. అంటే 20 లీటర్ల క్యాన్లు మూడు. భారీ వర్ష సూచన రాగానే వాటిని కడిగి నింపి మూత పెట్టండి. పురుగుమందు డబ్బాలో మాత్రం ఎన్నిసార్లు కడిగినా సరే తాగే నీళ్లు పట్టవద్దు. డబ్బా గట్టిగా ఉంది, పారేయడం ఎందుకని ఉంచుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. దానికి అడుగున రంధ్రం చేసి పక్కన పెట్టండి.

వరద నీరు కలిసిన బావి, చేతిపంపు నీటిని బాగా మరిగించి చల్లార్చి తాగాలి. క్లోరిన్ బిళ్లలు ఆశా కార్యకర్తను అడిగి వానలకు ముందే తెచ్చుకోవాలి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ వాడాలి. అది లేకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. చెంచాలు తలకొట్టుగా ఉండాలి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రమాదం.

తిండి, వెలుతురు, మందులు

ఐదుగురికి మూడు రోజులకు 6 కిలోల బియ్యం, కిలో పప్పు సరిపోతాయి. పొయ్యి వెలగని పూట కోసం అటుకులు, పుట్నాలు, బెల్లం బిగుతు మూత డబ్బాలో ఉంచండి. అంగన్‌వాడీ ఇచ్చే బాలామృతాన్ని పసిపిల్లల కోసం విడిగా దాచండి. ఎండు కట్టెలు నాలుగు అటక మీద పెట్టుకోండి. టార్చి, అగ్గిపెట్టెలు పాలిథిన్ కవరులో ఉండాలి. వాన సూచన ఉన్న రోజు సాయంత్రానికే ఫోన్ చార్జింగ్ నిండుగా పెట్టండి.

బీపీ, షుగర్ మాత్రలు కనీసం రెండు వారాలకు సరిపడా ఉండాలి. ప్రసవం దగ్గరపడిన ఆడపడుచులున్న ఇంట్లో దారి తెగేదాకా ఆగకూడదు. ఆశా, ఏఎన్ఎంలతో మాట్లాడి ముందే ఆసుపత్రికి గానీ రోడ్డు బాగున్న ఊళ్లో బంధువుల ఇంటికి గానీ చేర్చాలి.

అడవి అంచు ఊళ్లలో వరద వస్తే పాములు ఇళ్లలోకి, గడ్డివాముల్లోకి చేరతాయి. పాము కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం చేయవద్దు. కరిచిన కాలు కదలకుండా చూసి 108కి ఫోన్ చేయండి. మంత్రం వేయించడానికి పోయిన గంట మళ్లీ రాదు.

కాగితాలు

పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు పుస్తకం, రేషన్ కార్డు, విత్తనం, ఎరువుల బిల్లులు ఒకే జిప్ కవరులో పెట్టి దూలానికి వేలాడదీయండి. అన్నీ ఫోన్‌లో ఫొటో తీసి దూరాన ఉన్న కొడుక్కో కూతురికో పంపండి.

కొట్టం, పొలం

వానలు మొదలయ్యే ముందే పశువులకు గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించాలి. ఎండుగడ్డిని మెరక మీద వామి వేసి టార్పాలిన్ కప్పండి. నీరు ఎక్కుతుంటే ముందు పలుపులు విప్పేయండి. కట్టేసి ఉన్న గొడ్డు ఈదలేదు. యూరియా బస్తాలను చెక్కల మీద పేర్చాలి. పురుగుమందులు తిండి సరుకుకు దూరంగా, నీరు అందనంత ఎత్తులో ఉండాలి. నీళ్లలో మునిగిన స్టార్టరు డబ్బాను ముట్టవద్దు. తీగ తెగిపడితే 1912కి చెప్పండి.

పారే వాగును ట్రాక్టరుతోనైనా దాటవద్దు. మోకాలి లోతు ప్రవాహం మనిషిని పడగొడుతుంది, రెండడుగుల నీరు కారును తేలుస్తుంది. ఆపదలో 112కి ఫోన్ చేయండి.

నీరు తీశాక పొలం సాఫు చేసే ముందే మునిగిన పంటను, ఇసుక మేటను ఫొటో తీసి వ్యవసాయ విస్తరణ అధికారికి చెప్పి రాయించుకోవాలి. పశువు చనిపోతే పశువైద్యుడు చూసి ధ్రువపత్రం ఇచ్చాకే పూడ్చండి. ఆ కాగితం లేకపోతే పరిహారం అడగడం కష్టం.